పాత తుపాకుల సేకరణ: ఫ్లింట్‌లాక్, పెర్కషన్ రివాల్వర్, సైనిక రైఫిల్, యాక్సెసరీలు. ఏది ఎవరికి నప్పుతుంది?

పాత తుపాకులు సేకరించాలనే కోరిక ఉన్నవాళ్లలో చాలామంది తీరా కొనే దశకు వచ్చాక ఆగిపోతారు. సరుకు దొరక్క కాదు, మరీ ఎక్కువై. చెకుముకి రాయితో నిప్పు పుట్టించే మస్కెట్లు (పాతకాలపు సైనికుల పొడవాటి తుపాకులు) ఒకవైపు, చిన్న రాగి క్యాపు పేలితే పనిచేసే కోల్ట్ రివాల్వర్లు ఇంకోవైపు, రెండు ప్రపంచ యుద్ధాల్లో సైనికులు భుజాన మోసిన, చేత్తో గడియ లాగి తూటా ఎక్కించే బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు మరోవైపు. ఇవి కాక తుపాకీ మందు పోసుకునే ఫ్లాస్కులు, తుపాకీ కొసకు తగిలించే బాయినెట్లు, గుండ్లు పోసే అచ్చులు, తోలు హోల్‌స్టర్లు. అన్నీ ఊరిస్తాయి. తలా ఒకటి కొంటూ పోతే ఇల్లు నిండుతుంది కానీ ఏ ఒక్కదాని గురించీ గట్టిగా తెలియదు.

నా సలహా ముందే చెప్పేస్తాను. ఏది అందంగా ఉంది, ఏది అరుదు అని చూసి ఎంచుకోకండి. ఏ వస్తువు అసలైనదో, అందులో ఏ భాగం తర్వాత మార్చారో మీరు స్వయంగా తేల్చుకోగలిగిన విభాగంతో మొదలుపెట్టండి. ఈ రంగంలో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది మార్కెట్ ధర తెలియక కాదు, చేతిలో ఉన్న వస్తువు మీది గుర్తులు చదవడం రాక.

## ముందు ఏం చూసుకోవాలి

చట్టం. మిగతా లెక్కలన్నీ దీని తర్వాతే. ఒకే మస్కెట్ ఒక దేశంలో గోడకు తగిలించుకునే అలంకారం, ఇంకో దేశంలో లైసెన్సు లేకపోతే నేరం. అమెరికా ఫెడరల్ చట్టం 1898తో గీత గీసింది. ఆ ఏడాది, అంతకుముందు తయారైనవి పురాతన ఆయుధాల కిందికి వస్తాయి. అక్కడ కూడా రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. బ్రిటన్‌లో 2021 నుంచి స్పష్టమైన నిర్వచనం ఉంది: 1939 సెప్టెంబరు 1కి ముందు తయారై ఉండాలి, నిప్పు పుట్టించే పద్ధతి గానీ తూటా రకం గానీ నిబంధనల్లో చెప్పిన పాతవాటిలో ఉండాలి, పైగా దాన్ని ముచ్చటకో అలంకారానికో మాత్రమే ఉంచుకోవాలి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ఇంకా గట్టిది. పాతది అయినంత మాత్రాన మినహాయింపు రాదు. బాగు చేసినా కాల్చడానికి పనికిరాని స్థితిలో ఉందా అన్నది చూస్తారు. వందేళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కూడా వర్తించవచ్చు. కాబట్టి మీరుండే చోట లైసెన్సులిచ్చే అధికారిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అమ్మేవాడు ‘దీనికేం అక్కర్లేదు సార్’ అంటే సరిపోదు. సరిహద్దు దాటించాలంటే ఎగుమతి, దిగుమతి నిబంధనలు మళ్లీ వేరు. పిడికి ఏనుగు దంతం ఉంటే అంతర్జాతీయ వన్యప్రాణి ఒప్పందం సైటిస్ కూడా అడ్డొస్తుంది.

గుర్తులు. తుపాకీ మీద కొట్టిన ముద్రలే దాని పుట్టుక పత్రం. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి 1637లో రాజు నుంచి అధికార పత్రం వచ్చింది. తుపాకుల బ్యారెళ్లను పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో ఏర్పడింది. బెల్జియంలో లీజ్ నగరానికి సొంత ముద్రలున్నాయి. బ్యారెల్‌లో మామూలు కన్నా ఎక్కువ మందు వేసి కాల్చి, పగలకుండా నిలిస్తే ముద్ర కొట్టేవాళ్లు. ముద్ర మారిన కాలాన్ని బట్టి తుపాకీ వయసు ఇంచుమించు తేలుతుంది. మీరు ఎంచుకునే విభాగంలో ఇలాంటి గుర్తులు ఎన్ని ఉంటాయి, వాటిని వివరించే పుస్తకాలు ఎన్ని దొరుకుతాయి అన్నది పెద్ద తేడా తెస్తుంది.

మార్పుల చరిత్ర. నకిలీ అంటే మొత్తం కొత్తగా తయారు చేసినదే కానక్కర్లేదు. అసలు తుపాకీకే ఒక భాగం మార్చి, ముద్ర మళ్లీ కొట్టి, రంగు వేసి అమ్మడమే ఎక్కువ.

సంరక్షణ. ఇనుము, చెక్క, తోలు, ఇత్తడి ఒక్కోటి ఒక్కో రకంగా పాడవుతుంది. ఏసీ లేని, తేమ ఎక్కువగా ఉండే గదిలో తోలు హోల్‌స్టర్ల సేకరణ పెట్టుకోవడం కష్టం.

కాల్చాలా, చూడాలా. దీనికి జవాబు ఇప్పుడే తేల్చుకోండి. కాల్చాలని ఉంటే నిజమైన పాత తుపాకీ వైపు వెళ్లనే వద్దని నేనంటాను. ఎందుకో కింద చెబుతాను.

## ఫ్లింట్‌లాక్‌లు

ఫ్రాన్స్‌లో 17వ శతాబ్దం మొదట్లో రూపుదిద్దుకున్న ఈ యంత్రం రెండు వందల ఏళ్లు సైన్యాలను ఏలింది. ట్రిగ్గర్ నొక్కితే చెకుముకి రాయి పట్టుకున్న కొక్కెం ఉక్కు రేకును కొడుతుంది. రేకు వెనక్కి తెరుచుకుంటుంది, దాని కింద చిన్న పళ్లెంలో ఉన్న మందు మీద నిప్పురవ్వలు పడతాయి, ఆ మంట సన్నని రంధ్రం గుండా బ్యారెల్‌లోకి పోతుంది. ఇదంతా కళ్ల ముందే జరుగుతుంది. ఈ విభాగానికి ఉన్న ఆకర్షణ అదే.

సైనిక మస్కెట్లలో బ్రిటిష్ సైన్యం వాడిన బ్రౌన్ బెస్ బాగా పేరున్నది. లాంగ్ ల్యాండ్ నమూనా బ్యారెల్ 46 అంగుళాలు, షార్ట్ ల్యాండ్ 42, ఇండియా ప్యాటర్న్ 39. ఆ చివరిది ఈస్టిండియా కంపెనీ తన సిపాయిల కోసం చేయించుకున్నది. ఫ్రాన్స్‌తో యుద్ధంలో తుపాకులు చాలక బ్రిటిష్ సైన్యం 1797లో దాన్నే తీసుకుంది. కంపెనీ తుపాకుల మీద హృదయాకారపు ముద్ర, తర్వాతి కాలంలో నిలబడిన సింహం ముద్ర కనిపిస్తాయి. 2003లో ఖాట్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారం నుంచి వేలకొద్దీ ఆయుధాలు బయటి మార్కెట్‌కు వచ్చాయి. అందులో ఇలాంటి మస్కెట్లు, వాటిని చూసి నేపాల్‌లోనే తయారు చేసినవి బోలెడు. మురికి పట్టి, చెక్క చీలి ఉన్నా చాలావాటి మీద తర్వాతి కాలపు రిపేరు చేతులు పడలేదు. చదవడం నేర్చుకోవడానికి అవి మంచివి.

ఈ విభాగంలో అసలు చిక్కు ఏంటంటే, 1830ల తర్వాత లక్షలాది ఫ్లింట్‌లాక్‌లను రాగి క్యాపు పేలి నిప్పు పుట్టే పెర్కషన్ పద్ధతికి మార్చేశారు. ఇప్పుడు ఫ్లింట్‌లాక్‌కే గిరాకీ ఎక్కువ కాబట్టి, అలా మార్చినవాటిని మళ్లీ వెనక్కి ఫ్లింట్‌కు తిప్పి ‘ఒరిజినల్’ అని అమ్ముతారు. దీన్ని పట్టుకోవాలంటే లాక్ (నిప్పు పుట్టించే యంత్రం) పక్కన భూతద్దం పెట్టి కూర్చోవాలి. నిజంగా ఫ్లింట్‌లాక్‌గా వాడిన తుపాకీలో నిప్పు రంధ్రం చుట్టూ ఇనుము మందు మంటకు గుంటలు గుంటలుగా తిని ఉంటుంది. పళ్లెం అంచులు కూడా అలాగే అరిగి ఉంటాయి. లాక్ ప్లేటంతా పాతబడి, పళ్లెం మాత్రం ఆకురాయి పెట్టిన గీతలతో, పదునైన అంచులతో ఉంటే అది ఈమధ్య చేర్చింది. రంధ్రం దగ్గర గుండ్రటి బిరడా దిగేసిన ఆనవాలు ఉంటే, ఒకప్పుడు అక్కడ పెర్కషన్ నిపుల్ (క్యాపు తొడిగే చిన్న మొన) ఉండేదని అర్థం. ప్లేటు మీద పూడ్చేసిన స్క్రూ రంధ్రాలు ఉన్నాయేమో లోపలి వైపు నుంచి చూడండి. బయట పాలిష్ చేసినవాడు లోపల అంత శ్రద్ధ పెట్టడు.

ఓపిక ఉండి, ఒకటి కొనడానికి ముందు పది చేతిలోకి తీసుకుని చూడగలిగిన వాళ్లకు ఇది గొప్ప విభాగం. మొదటి కొనుగోలుకు మాత్రం నేను చెప్పను. ఒక్కో తుపాకీ చేతిపనితో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ‘ఇది ఇలాగే ఉండాలి’ అని చెప్పగల కొలబద్ద తక్కువ.

## పెర్కషన్ రివాల్వర్లు

స్కాట్లండ్‌లో అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే మతబోధకుడికి బాతుల వేట ఇష్టం. ఫ్లింట్‌లాక్ పళ్లెంలో మెరుపు రాగానే పక్షులు జాగ్రత్తపడేవి. ఆ చికాకుతో మొదలైన ప్రయోగాలు దెబ్బ తగిలితే పేలే రసాయనంతో నిప్పు పుట్టించే పద్ధతికి దారితీశాయి. ఆయనకు 1807లో పేటెంట్ వచ్చింది. తర్వాత అదే చిన్న రాగి క్యాపుగా మారింది. 1836లో శామ్యూల్ కోల్ట్ అమెరికాలో రివాల్వర్‌కు పేటెంట్ తీసుకున్నాడు.

ఈ విభాగంలో ఒకే నమూనా తీసుకుని లోతుగా వెళ్లాలంటే కోల్ట్ 1851 నేవీకి మించింది లేదు. .36 క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వెడల్పు, అంగుళాల్లో), సిలిండర్‌లో ఆరు గదులు, ఏడున్నర అంగుళాల బ్యారెల్. రెండు లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి పోల్చి చూడటానికి ఉదాహరణలు దొరుకుతాయి. దాన్ని ఎలా చూడాలో చెబుతాను.

ముందు తలకిందులు చేయండి. బ్యారెల్ దుంప కింద, ఫ్రేమ్ కింద, ఇత్తడి ట్రిగ్గర్ గార్డు మీద, పిడి అడుగున వరసగా ఒకే సీరియల్ నంబర్ కనిపించాలి. సిలిండర్ మీదా, బ్యారెల్‌ను పట్టి ఉంచే చిన్న చీల మీదా కూడా నంబర్ ఉంటుంది. చీల ఊడదీసి పెట్టినప్పుడు పోవడం మామూలే. అదొక్కటే కలవకపోతే నేను పెద్దగా పట్టించుకోను. సిలిండర్ కలవకపోతే మాత్రం ఆలోచించాల్సిందే.

ఇప్పుడు సిలిండర్ చుట్టూ చూడండి. 1843 మే 16న మెక్సికో తీరంలో కాంపేచే దగ్గర జరిగిన నౌకాయుద్ధం దాని మీద సన్నని గీతల్లో అచ్చుపడి ఉంటుంది. ఆ గీతలు లోతైనవి కావు, వాడుకలో త్వరగా అరిగిపోతాయి. బ్యారెల్ అంచులు గుండ్రబడి, చెక్క నున్నగా అరిగి, ఓడల తెరచాపలు మాత్రం నిన్న చెక్కినట్టు ఉన్నాయంటే సిలిండర్ వేరే చోటినుంచి వచ్చింది. దీనికి ఉల్టా కూడా ఉంటుంది: నీలి రంగు నిగనిగలాడుతూ, బ్యారెల్ మీది అక్షరాలు మాత్రం మసకబారి ఉంటే, ఎవరో పాలిష్ పట్టి మళ్లీ రంగు వేశారు. అరుగుదల అన్ని చోట్లా ఒకదానికొకటి పొంతన కుదరాలి. ఈ ఒక్క సూత్రం మిగతా విభాగాలన్నిటికీ పనికొస్తుంది.

లండన్‌లో కోల్ట్ ఫ్యాక్టరీ 1853 నుంచి 1856 వరకే నడిచింది. అక్కడి రివాల్వర్ల మీద లండన్ చిరునామా, బ్రిటిష్ ప్రూఫ్ ముద్రలు ఉంటాయి. కాలం ఇంత ఇరుకుగా తెలియడం సేకర్తకు వరం. కానీ అమెరికాలోని ఫ్యాక్టరీ 1864లో తగలబడింది, రికార్డులు చాలావరకు పోయాయి. అందుకే తర్వాతి కోల్ట్‌లకు దొరికినట్టు ఈ కాలపు రివాల్వర్లకు కంపెనీ ధ్రువీకరణ లేఖలు సులువుగా రావు. ‘ఫలానా సేనాధిపతి వాడినది’ అనే కథ ఉంటే, దానికి ఆ కాలపు కాగితం తోడు లేకపోతే కథకు విలువ కట్టకండి.

ఇటలీలో తయారైన రెప్లికాలను (పాతవాటిని చూసి చేసిన కొత్త ప్రతులను) పాతబరిచి అమ్మే మోసం ఈ విభాగంలోనే ఎక్కువ. రెప్లికా మీద ఇటలీ ప్రూఫ్ ముద్రలు, తయారైన ఏడాదిని తెలిపే చిన్న పెట్టెలోని అక్షరాలు ఉంటాయి. అవి ఉండాల్సిన చోట ఆకురాయి పెట్టిన పల్లం కనిపిస్తే లేచి వచ్చేయండి. కోల్ట్ కంపెనీయే 1971 నుంచి పాత నమూనాలను మళ్లీ తయారు చేసిందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అవి నకిలీలు కావు, కానీ 19వ శతాబ్దపువీ కావు.

## బోల్ట్ యాక్షన్ సైనిక రైఫిళ్లు

చట్టం అనుమతిస్తే, కొత్తవాళ్లకు నా మొదటి ఎంపిక ఇదే. ప్రభుత్వాలు లెక్కపెట్టి, ముద్ర కొట్టి, రికార్డు రాసి తయారు చేయించిన వస్తువులివి. ప్రతి భాగం మీదా ఎవరో ఒక ఇన్‌స్పెక్టర్ చేయి పడింది. మీరు ఒక రైఫిల్ విడదీసి కూర్చుంటే ఆ రోజంతా చదువుకోవచ్చు.

1907లో వచ్చిన బ్రిటిష్ రైఫిల్ ఎస్‌ఎంఎల్‌ఈ (షార్ట్ మ్యాగజీన్ లీ-ఎన్‌ఫీల్డ్) మార్క్ 3 తీసుకోండి. .303 తూటా, పది తూటాల మ్యాగజీన్. చెక్క మెడ దగ్గరుండే ఇనుప పట్టీ మీద కిరీటం, రాజు పేరు అక్షరాలు, ఫ్యాక్టరీ పేరు, ఏడాది ఉంటాయి. రిసీవర్ (బోల్ట్ కదిలే ఇనుప చట్రం), బోల్ట్, బ్యారెల్, ముందు ఇనుప మూతి మీద సీరియల్ నంబర్ కలవాలి. ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హామ్, ఆస్ట్రేలియాలోని లిత్‌గో, బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీల్లో తయారైనవి పక్కపక్కన పెడితే ఒకే డిజైన్‌ను నాలుగు చోట్ల ఎలా అర్థం చేసుకున్నారో కనిపిస్తుంది.

దీని నకిలీలకూ ఒక చరిత్ర ఉంది. ఖైబర్ కనుమ ప్రాంతంలో చేతిపనివాళ్లు బ్రిటిష్ రైఫిళ్లయిన మార్టిని-హెన్రీలను, ఎన్‌ఫీల్డ్‌లను చూసి చూసి తయారు చేసేవాళ్లు. చేతి నైపుణ్యం గొప్పదే, కానీ ఇంగ్లిష్ చదవడం రాదు. అందుకే ‘ఎన్’ అక్షరం తిరగబడి ఉంటుంది, కిరీటం వంకరగా ఉంటుంది. విక్టోరియా రాణి 1901లో చనిపోతే, ఆమె ముద్ర పక్కన 1907 అని ఉంటుంది. అలాంటివి తెలిసి కొనుక్కుంటే వాటికవే ఆసక్తికరమైన వస్తువులు. పూర్తి బ్రిటిష్ రైఫిల్ అనుకుని కొంటేనే నష్టం. కాల్చడం మాత్రం ప్రమాదం, వాటి ఉక్కు ఎలాంటిదో ఎవరికీ తెలియదు.

జర్మన్ మౌజర్లలో 1898 నాటి గెవెర్ 98, 1935లో వచ్చిన కారబైనర్ 98కె ప్రధానం. జర్మన్లు చిన్న స్క్రూల మీద కూడా నంబర్ చివరి రెండంకెలు కొట్టేవాళ్లు. అందుకే అన్నీ కలిసిన జర్మన్ రైఫిల్‌కు అంత విలువ. యుద్ధకాలంలో ఫ్యాక్టరీ పేరు బదులు రహస్య అక్షరాలు వేశారు. బి-వై-ఎఫ్ అని ఉంటే ఓబెర్న్‌డార్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీ. యుద్ధంలో సోవియట్ సైన్యం చేతికి చిక్కిన 98కెలను తర్వాత విడదీసి, శుభ్రం చేసి, దొరికిన భాగాలతో మళ్లీ బిగించారు. కొత్త నంబర్లు కరెంటు పెన్నుతో గీకారు. ఇలాంటివి చవకగా దొరుకుతాయి, నేర్చుకోవడానికి పనికొస్తాయి. ‘మ్యాచింగ్’ (నంబర్లన్నీ కలిసినది) అని చెప్పి అమ్మితే మాత్రం ఏ పద్ధతిలో నంబర్ వేశారో అడగండి.

సోవియట్ మోసిన్-నాగాంట్‌లదీ ఇదే కథ. ఆయుధాగారంలో మరమ్మతు చేసినప్పుడు బోల్ట్ మీది పాత నంబర్ కొట్టేసి, రిసీవర్ నంబర్ వేశారు. అది మోసం కాదు, ఆ రైఫిల్ సైనిక జీవితంలో ఒక భాగం. ఫిన్లండ్ వాడినవాటి మీద చిన్న పెట్టెలో ‘ఎస్‌ఎ’ అనే సైన్యం ముద్ర ఉంటుంది. జపాన్ అరిసాకాల రిసీవర్ మీద పదహారు రేకుల చామంతి ఉండేది, చక్రవర్తి చిహ్నం. లొంగిపోయాక చాలావాటి మీద దాన్ని రాకి చెరిపేశారు. చెరపనిది దొరికితే అది ఎక్కువగా యుద్ధరంగంలోనే పట్టుబడినదై ఉంటుంది. చెరిపేసిన చోట రాపిడి గుర్తును ముట్టుకుని చూడండి, లొంగుబాటు ఆ ఇనుము మీదే ఉంది.

రెండు జాగ్రత్తలు. యుద్ధం తర్వాత వేటకోసం ముందు చెక్క కోసేసిన రైఫిళ్లు బోలెడు. వాటికి కొత్త చెక్క తొడిగి ‘పునరుద్ధరించిన’వి చూడటానికి బాగుంటాయి కానీ అసలువి కావు. ఇక చెక్కను ఇసుక కాగితంతో రుద్దారా అని చూడాలంటే ఇనుము, చెక్క కలిసే చోట వేలు రాయండి. ఇనుము అంచు చెక్క కన్నా ఎత్తుగా తగిలితే చెక్క పోయిందని లెక్క. దాంతోపాటు ఇన్‌స్పెక్టర్ ముద్రలూ పోయి ఉంటాయి.

## యాక్సెసరీలు

చాలామంది దీన్ని తుపాకీ కొనలేనివాళ్ల విభాగంగా చూస్తారు. నేనలా ఒప్పుకోను. సైనికుడు రోజంతా ముట్టుకున్నవి ఇవే. చట్టం చిక్కులు కూడా ఇక్కడ చాలా తక్కువ. బాయినెట్ల విషయంలో పదునైన ఆయుధాల నిబంధనలు, తూటాలూ క్యాపుల డబ్బాల విషయంలో లోపల పేలుడు పదార్థం ఉందా అన్నది చూసుకుంటే చాలు. ఖాళీ డబ్బానే కొనండి.

బాయినెట్లతో మొదలుపెట్టడం తెలివైన పని. బ్రిటిష్ 1907 నమూనా బాయినెట్ కత్తి 17 అంగుళాలు. పిడి దగ్గర ఒకవైపు కిరీటం, నమూనా ఏడాది, తయారైన నెల, ఏడాది, తయారీదారు పేరు. రెండోవైపు బాణం గుర్తు, కత్తిని వంచి పరీక్షించినట్టు తెలిపే ‘ఎక్స్’. మొదట్లో అడ్డపట్టీకి కింద కొక్కెం ఉండేది. 1913 తర్వాత దాన్ని తీసేశారు. 1916 నుంచి పిడి చివర బురద బయటికి పోయేలా చిన్న రంధ్రం వచ్చింది. కొక్కెం ఉన్నవి అరుదు కాబట్టి, లేనివాటికి అతికించి అమ్ముతారు. బ్రిటన్‌లో 1915లో తయారైన తేదీ ఉండి కొక్కెం ఉంటే జవాబు మీకే తెలిసిపోతుంది. రెండు తేదీలు, ఒక రంధ్రంతో ఇంత చెప్పగల వస్తువు తుపాకుల్లో కూడా తక్కువే.

మందు ఫ్లాస్కుల్లో షెఫీల్డ్‌కు చెందిన డిక్సన్, హాక్స్‌లీ పేర్లు ఎక్కువగా కనిపిస్తాయి. రాగి రేకును అచ్చుతో ఒత్తి, రెండు సగాలను అతికించి చేసేవాళ్లు. వేటకుక్క, పక్షి బొమ్మల్లో ఈక ఈకా స్పష్టంగా ఉంటుంది. అసలుదాని నుంచి పోత తీసిన నకిలీలో బొమ్మ మెత్తబడి, బరువు పెరుగుతుంది. చెక్కిన మందు కొమ్ములు మాత్రం ప్రమాదకరం. పాత కొమ్ము మీద కొత్తగా తేదీ, పేరు చెక్కడం చాలా తేలిక. ఒంటికి రాసుకునే వైపు గీతలు అరిగి, బయటి వైపు నిలిచి ఉండాలి. అన్నివైపులా ఒకేలా ఉంటే అనుమానించండి.

పెట్టెతో సహా వచ్చే పిస్టల్ సెట్ల విషయంలో మూత తీయగానే పిస్టల్ వైపు చూడకండి, లోపల పరిచిన బెయిజ్ అనే ఉన్ని బట్ట వైపు చూడండి. నూటయాభై ఏళ్లు ఒకే పిస్టల్ పడుకున్న చోట బట్ట నలిగి, సుత్తి ఆనిన చోట మరక పడి ఉంటుంది. ఆ నీడ పొడుగు, ఇప్పుడున్న బ్యారెల్ పొడుగు కలవాలి. ఫ్లాస్కు గదిలో ఫ్లాస్కు వదులుగా దొర్లుతుంటే సెట్ తర్వాత కూర్చినదే.

తోలు సామాను మీద ప్రేమ ఉంటే గది తేమను అదుపులో పెట్టగలరా అని ముందు చూసుకోండి. 19వ శతాబ్దపు తోలు ఒక దశ దాటితే ఎర్రటి పొడిగా రాలిపోతుంది. నూనె పూస్తే బాగవదు, ఇంకా చెడుతుంది. ఇత్తడి బొత్తాలు ఆనిన చోట ఆకుపచ్చ చిలుము పేరుతుంది.

## డీయాక్టివేటెడ్, రెప్లికా

చట్టం గట్టిగా ఉన్న చోట, అది ఒప్పుకుంటే, కాల్చడానికి వీల్లేకుండా చేసిన తుపాకీ ఒక దారి. గోడ మీద రూపం అదే, లోపలి యంత్రం మాత్రం శాశ్వతంగా పోయినట్టే. యంత్రం మీదే ఆసక్తి ఉన్నవాళ్లకు నిరాశ మిగులుతుంది. సర్టిఫికెట్ లేనిది ముట్టుకోవద్దు.

కాల్చాలనుకునేవాళ్లకు కొత్త రెప్లికా ఒక్కటే సరైన దారి, అదీ లైసెన్సు తీసుకుని, గుర్తింపు ఉన్న షూటింగ్ రేంజ్‌లో. పొగలేని మందు 1880లలో ఫ్రాన్స్‌లో వచ్చింది. దాని ఒత్తిడి పాతకాలపు నల్ల తుపాకీ మందు కన్నా చాలా ఎక్కువ. నల్ల తుపాకీ మందు కోసం చేసిన బ్యారెల్‌లో దాన్ని వాడితే బ్యారెల్ పగిలి మనిషి పోవచ్చు. ఇనుము, ఉక్కు మెలిపెట్టి చేసిన డమాస్కస్ బ్యారెళ్లు పైకి ఎంత బాగున్నా అతుకుల లోపల తుప్పు పట్టి ఉండొచ్చు.

## పక్కపక్కన పెడితే

| విభాగం | గుర్తులు చదవడం | నకిలీ, మార్పుల బెడద | చట్టం | సంరక్షణ |
|---|---|---|---|---|
| ఫ్లింట్‌లాక్ | కష్టం | ఎక్కువ, ముఖ్యంగా తిరిగి మార్చినవి | దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల తేలిక | మధ్యస్థం |
| పెర్కషన్ రివాల్వర్ | బాగా వీలవుతుంది | ఎక్కువ, పాతబరిచిన రెప్లికాలు | దేశాన్ని బట్టి, కొన్నిచోట్ల తేలిక | మధ్యస్థం |
| సైనిక రైఫిల్ | అన్నిటికన్నా తేలిక | మధ్యస్థం, మళ్లీ వేసిన నంబర్లు | ఎక్కువ చోట్ల లైసెన్సు | తేలిక, కానీ స్థలం కావాలి |
| బాయినెట్, ఫ్లాస్కు | తేలిక | మధ్యస్థం | తక్కువ చిక్కు | తేలిక |
| తోలు, కొమ్ము, పెట్టెలు | కష్టం | ఎక్కువ | తక్కువ చిక్కు | కష్టం |
| డీయాక్టివేటెడ్ | మధ్యస్థం | తక్కువ | సర్టిఫికెట్ తప్పనిసరి | తేలిక |

## మీరు ఎలాంటివారైతే

యుద్ధ చరిత్ర చదివే అలవాటుంటే సైనిక రైఫిల్, దానికి తగిన బాయినెట్, తూటా పటకా, శుభ్రం చేసే సామాను ఒక జతగా కూర్చండి. ఒకే దేశం, ఒకే దశాబ్దం. పది దేశాల పది రైఫిళ్ల కన్నా ఇది ఎక్కువ చెబుతుంది.

యంత్రాలు విప్పి చూడటం ఇష్టమైతే పెర్కషన్ రివాల్వర్. ముందు ఒక రెప్లికా కొని విప్పి బిగించడం నేర్చుకోండి. స్క్రూ గాడికి సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్ లేకుండా పాతదాన్ని ముట్టుకోకూడదు. గాడి చెడగొట్టిన స్క్రూ ఆ రివాల్వర్ మీద శాశ్వతంగా ఉంటుంది.

ఇంట్లో చిన్నపిల్లలుంటే, ఇల్లు ఇరుకైతే ఫ్లాస్కులు, గుండ్ల అచ్చులు. తుపాకులు ఉంచుకున్నా తాళమున్న ఇనుప బీరువా ఖర్చు మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

తాతగారి తుపాకీ వారసత్వంగా వచ్చిందా? ఏదీ శుభ్రం చేయకండి, పాలిష్ చేయకండి. ముందు చట్టపరంగా మీ పేరు మీదికి మార్చడం చూడండి. తర్వాత ఇంటి పెద్దలకు తెలిసినదంతా రాయించి, ఫొటోలు తీసి దగ్గర పెట్టండి. గోధుమరంగు పాత పూత తుప్పు కాదు, అది ఉండాలి. ఎర్రగా పొడిలా రాలేది తుప్పు, దాన్ని ఆపాలి.

డబ్బు పెట్టుబడిగా చూసేవాళ్లకు నా దగ్గర పెద్ద సలహా లేదు. అసలు స్థితిలో ఉన్నవి నిలబడతాయి, చేయి పడినవి పడిపోతాయి, అంతవరకే చెప్పగలను.

## చేతిలోకి తీసుకున్నప్పుడు

ఏ విభాగమైనా ఒక పని ముందు చేయాలి. నోటివైపు నుంచి మందు నింపే తుపాకులు ఇప్పటికీ నిండా మందుతో దొరుకుతుంటాయి. వందేళ్లయినా లోపలి నల్ల తుపాకీ మందు చావదు. తుపాకీ నోటికి ఎదురుగా నిలబడకుండా, పక్కనుంచి సన్నని చెక్క కర్రను బ్యారెల్‌లోకి అది ఆగే వరకు మెల్లగా దించి, నోటి దగ్గర గుర్తు పెట్టండి. తీసి అదే కర్రను బ్యారెల్ పక్కన బయట ఆనించి చూడండి. కర్ర కొస నిప్పు రంధ్రం దాకా రాకపోతే లోపల ఏదో ఉంది. దాన్ని మీరు తీయకండి, తుపాకులు బాగుచేసే నిపుణుడికి అప్పగించండి. రివాల్వర్ అయితే సిలిండర్ గదులన్నీ, రైఫిల్ అయితే బోల్ట్ తీసి చాంబర్ చూడాలి.

కొన్న తర్వాత ఇనుము ముట్టుకునేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి, వేలి చెమటలోని ఉప్పు ముద్రలు వేసినట్టు తుప్పు పట్టిస్తుంది. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. మ్యూజియంలు వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పలచగా రాసి మెత్తటి బట్టతో తుడిస్తే ఇనుముకూ ఇత్తడికీ సరిపోతుంది. హోల్‌స్టర్ ఎంత అందంగా ఉన్నా రివాల్వర్‌ను అందులో పెట్టి దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలును పదును చేయడానికి వాడిన రసాయనాలు ఇనుమును తింటాయి. రెండింటినీ పక్కపక్కనే, విడివిడిగా ఉంచి, ఏ రోజు ఎక్కడ కొన్నారో, ఏ నంబర్ ఎక్కడ ఉందో ఒక పుస్తకంలో రాసి, బిల్లు అందులోనే అంటించండి.